సదరు వరాహానికి తగిన తూటా

ఒక అడవిపందిని చంపడానికి ఏ తూటా వాడాలో తేల్చేందుకు పదకొండు మందితో సంఘం వేశారు. అందులో పదిమందికి తూటాల గురించి ఏమీ తెలియదు. పదకొండో మనిషిని నేను. జరిగిన అనర్థమంతా ఆ పదిమంది వల్ల జరగలేదు.

ముందు పంది సంగతి చెప్పాలి. తుంకిపల్లిలో సాయవ్వకు మూడెకరాల మక్క చేను ఉంది. భర్త పోయాక ఏడేళ్లుగా ఒక్కతే సాగు చేసుకుంటోంది. ఆ ఏడాది కంకి పాలు పోసుకునే వేళకు గుట్ట మీది అడవిలోంచి ఒంటి పంది ఒకటి దిగింది. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. ఒక్క కంకి కోసం పది మొక్కలు పడగొడుతుంది. సాయవ్వ మంచె ఎక్కి పళ్లెం కొట్టింది. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు మోసుకొచ్చి గట్ల వెంట చల్లింది. చీరల రంగులు చూస్తూ పంది రెండు రోజులు ఆగి, మూడోరోజు వాటి కిందినుంచే దూరింది. అప్పుడామె సర్కారుకు దరఖాస్తు పెట్టుకుంది.

దరఖాస్తు వారంలోనే మంజూరైంది. పందిని కాల్చడానికి లైసెన్సున్న షూటర్ హబీబ్ మియాను కూడా నియమించారు. అంతా సిద్ధమయ్యాక, అనుమతి పత్రంలో పద్నాలుగో గడి ఖాళీగా ఉందని ఎవరో గమనించారు. ఆ గడి మీద 'వాడదలచిన తూటా' అని ఉంది. అందులో ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు. ఆ గడి నింపడానికే సంఘం.

ఇక నా సంగతి. నా పేరు వెలిచాల నరహరి రావు. జిల్లా కేంద్రంలో తుపాకుల దుకాణం మాది. తాత కాలంలో జాగీర్దార్లు ఏనుగుల తూటాల కోసం వచ్చిన దుకాణం. ఇప్పుడు బ్యాంకు కాపలాదార్లు తుపాకీకి నూనె రాయించుకోవడానికి వస్తారు. మిగతా సమయమంతా నేను తాత దాచిన పాత కేటలాగులు చదువుకుంటాను. ఏ తూటా ఎన్ని గ్రెయిన్ల బరువు, ఎంత వేగంతో వెళ్తుంది, ఎముక తగిలితే ఎలా వంగుతుంది, అన్నీ నోటికి వచ్చు. దుకాణంలో గోడకు ఒక దుప్పి తల ఉంటుంది. అది నేనే కొట్టానని ఊళ్లో నమ్మకం. నేను ఎన్నడూ అవుననలేదు, కాదనీ అనలేదు. మీకు మాత్రం ఇక్కడే చెప్పేస్తున్నాను: నేను జీవితంలో కాగితాన్ని తప్ప దేన్నీ కాల్చలేదు. అదీ కదలకుండా నిలబెట్టిన కాగితాన్ని.

సంఘం అధ్యక్షుడు ప్రత్యేకాధికారి సచ్చిదానందం గారు. పంట-వన్యప్రాణి సమన్వయ విభాగమనే కొత్త విభాగానికి ఆయన పెద్ద. మొదటి సమావేశంలో ఆయన, సంఘంలో సభ్యుడు కాకపోయినా పిలిపించిన హబీబ్ మియానే ముందుగా అడిగారు, ఏ తూటా కావాలని. హబీబ్‌కు అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా పందులు కొట్టడమే పని. కుర్చీ అంచున కూర్చుని, టోపీ సర్దుకుని, పన్నెండు బోరు తుపాకీ, ఎల్‌జీ తూటా చాలన్నాడు. ఎల్‌జీ అంటే శనగగింజ కంటే కాస్త పెద్ద సీసపు గుండ్లు ఆరు ఉండే తూటా. ముప్పై అడుగుల దూరానికి వస్తే ఒక్క దెబ్బతో అయిపోతుందని, రేపు పొద్దున్నే వెళ్తానని చెప్పి లేవబోయాడు.

అక్కడితో అయిపోవాల్సింది. ఇంకా చాయ్ కూడా రాలేదు. సమావేశం చాయ్ రాకముందే ముగిస్తే బాగుండదనుకున్నారో ఏమో, సచ్చిదానందం గారు నావైపు తిరిగారు.

"నిపుణులుగా మీ అభిప్రాయం కూడా నమోదు చేసుకోవడం సముచితం" అన్నారు.

నన్ను నిపుణుడని ఒక అధికారి అనడం అదే మొదటిసారి. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని కూడా చెప్పొచ్చు, కానీ లేచాను.

ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాను. తూటా ఎంపిక ఒక శాస్త్రమన్నాను. జింకకు వాడేది దున్నకు పనికిరాదన్నాను. తూటాకు రెండు రకాల ముక్కులుంటాయని చెప్పాను: మెత్తని ముక్కుది ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని అక్కడే ఆగుతుంది, గట్టి ముక్కుది ఎముకలు చీల్చుకుంటూ అవతలికి పోతుంది. చర్మం మందం, కొవ్వు, భుజం ఎముక, అన్నీ చూడాలి. వీటన్నిటికీ మూలం ఒక్కటే, జంతువు బరువు. తేలిక జంతువుకు తేలిక తూటా, బరువైన జంతువుకు బరువైన తూటా. మా తాత కేటలాగులో మొదటి పేజీలో ఉన్న మాట అది. దాన్ని నా సొంత అనుభవంలా చెప్పాను. చెప్పేటప్పుడు కిటికీలోంచి దూరంగా చూశాను, ఏవో అడవులు గుర్తుకొస్తున్నట్టు.

సచ్చిదానందం గారు పెన్ను మూత తీసి, అంచెలవారీగా ఒక పట్టిక తయారుచేసి ఇవ్వమని నన్ను కోరారు. ఆ మధ్యాహ్నమే గీసి ఇచ్చాను. నలభై కిలోల లోపు పందికి ఒక తూటా, అరవై లోపు ఇంకొకటి. అరవై నుంచి తొంభై వరకు మూడువందల పదిహేను బోరు రైఫిల్, రెండువందల నలభైనాలుగు గ్రెయిన్లు, మెత్తని ముక్కు. తొంభై దాటితే ఏం రాయాలో తోచలేదు. పట్టిక చివర కాస్త గంభీరంగా ఉండాలనిపించింది. తాత కేటలాగులో ఏనుగుల పేజీ తీసి, ఐదువందల గ్రెయిన్ల గట్టి ముక్కు తూటా అని రాశాను. హబీబ్ చెప్పిన పన్నెండు బోరు ఎల్‌జీని ఎక్కడా పెట్టలేదు. అది మరీ మామూలుగా అనిపించింది.

రెండో సమావేశంలో పట్టికను చప్పట్లతో ఆమోదించారు. అప్పుడు తూనికలు కొలతల అధికారిణి విశాలాక్షి గారు చెయ్యెత్తారు. ఆమె అంతవరకూ ఒక్క మాటా మాట్లాడలేదు. పంది బరువు ఎవరు ధ్రువీకరిస్తారని అడిగారు.

చూడగానే తెలిసిపోతుంది, అందాజుగా చెప్పొచ్చన్నాడు హబీబ్.

"అందాజు అనే ప్రమాణం మా చట్టంలో లేదండీ" అన్నారామె. "కిలో ఉల్లిగడ్డలకే ముద్ర వేసిన కాటా తప్పనిసరి. ప్రాణం తీసే విషయంలో అందాజు అంటే ఎట్లా?"

అందరూ నావైపు చూశారు. నేను తలూపాను. బరువే మూలమని చెప్పింది నేనే కదా. పైగా ఆమె ప్రశ్న నా పట్టిక ప్రాముఖ్యాన్ని పెంచుతున్నట్టుగా కూడా అనిపించింది.

హబీబ్ ఒకటే అడిగాడు, కాటా ఎక్కమంటే పంది ఎక్కుతుందా అని. సచ్చిదానందం గారు అతనివైపు జాలిగా చూశారు. "ఎక్కే విధంగా తగు చర్యలు చేపట్టబడతాయి" అన్నారు.

ఈ మాట సాయవ్వకు చెప్పే పని నాకు అప్పగించారు, నిపుణుడు చెబితే రైతుకు నమ్మకం కలుగుతుందని. నేను వెళ్లేసరికి ఆమె పడిపోయిన మొక్కలు ఏరి గట్టు మీద వేస్తోంది. అప్పటికి అరెకరం పోయింది. కోతకు ఇంకా నలభై రోజులుంది. నేను కారు దిగగానే ఆమె కళ్లు నా చేతుల వైపు వెళ్లాయి. చేతిలో తుపాకీ లేదు, ఫైలు ఉంది.

పందిని ముందు పట్టి, తూకం వేసి, ఆ తర్వాత బరువుకు తగిన తూటాతో కాలుస్తారని వివరించాను. శాస్త్రీయ పద్ధతి అన్నాను. ఆమె అంతా విని కొంగుతో మొహం తుడుచుకుంది.

"చంపెటోడు వస్తడని నేను చూస్తుంటే, తూకం ఏసెటోళ్లు వస్తున్నరా?" అంది. "మార్కెట్ యార్డుల నా మక్కలకే కాటా సక్కగ ఏస్తలేరు సారూ. పందికి ఏస్తరా?"

ఈ మక్కల మీదే తాను మిగతా ఏడాది బతకాలని, ఒక్క ఎకరం దక్కినా ఎవరి గడపా తొక్కకుండా గడుపుకుంటానని చెప్పింది. నేను వారం రోజుల్లో అంతా అయిపోతుందని మాటిచ్చాను. ఆ మాట కూడా కిటికీలోంచి చూస్తున్నట్టే ఇచ్చాను.

ఇనుప బోను వచ్చింది. దాని అడుగున ముద్ర వేసిన కాటా బిగించారు. లోపల ఎరగా విభాగం గోదాములోంచి తెచ్చిన దాణా పోశారు. పంది రెండు రోజులు దాన్ని వాసన చూసి, పక్కనే ఉన్న చేనులోకి వెళ్లి తాజా కంకులు తింది. మూడోరోజు సాయవ్వే నాలుగు లేత కంకులు విరిచి బోనులో పడేసింది. గంటలో తలుపు పడింది.

పంది పడ్డ కబురు తెలిసి సంఘమంతా మూడు జీపుల్లో దిగింది. దగ్గర్నుంచి చూస్తే అది పెద్దదే. వీపు మీద జూలు నిక్కబొడుచుకుని, కోరలతో ఇనుప కడ్డీని కొడుతోంది. నేను జీపు దిగలేదు. అక్కడినుంచైతే మొత్తం దృశ్యం బాగా కనిపిస్తుందని హబీబ్‌తో చెప్పాను. అతను నవ్వలేదు, అది అతని మంచితనం.

పశువైద్యుడు డాక్టర్ ఇమ్మానుయేల్ పంది చెవికి పసుపు బిళ్ల వేశారు. విశాలాక్షి గారు కాటా చూసి, అరవైఎనిమిది కిలోల నాలుగువందల గ్రాములని ప్రకటించారు. మూడో అంచె. హబీబ్ దగ్గర మూడువందల పదిహేను బోరు రైఫిల్ కూడా ఉంది. నా పట్టికను గౌరవించి దాన్నే తెచ్చుకున్నాడు. తూటా ఎక్కించి, బోను దగ్గరికి నడిచాడు. ఊరి జనం వెనక్కి జరిగారు. సాయవ్వ మాత్రం జరగలేదు.

సచ్చిదానందం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అనుమతి 'పంటకు నష్టం కలిగిస్తున్న వరాహానికి' మాత్రమే వర్తిస్తుంది. సదరు వరాహం ప్రస్తుతం ఏ పంటకూ నష్టం కలిగించుట లేదు. పైగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్నది. ఈ స్థితిలో దానికి ప్రాణహాని కలిగిస్తే మనమందరం ముద్దాయిలం."

మరి ఏం చేయాలని హబీబ్ అడిగాడు. విడిచిపెట్టాలన్నారాయన. తూకం ధ్రువపత్రం మీద మూడు సంతకాలు పడితే విడుదల చేయొచ్చు: తూనికల అధికారిణిది, పశువైద్యుడిది, తూటాల నిపుణుడిది. ఆ పత్రం పట్నం వెళ్తుంది. మూడో అంచె తూటా వాడవచ్చునని అక్కణ్నుంచి ఉత్తర్వు వస్తుంది. అప్పుడు పంది పంటలో ఉండగా కాల్చాలి. సంతకాలు చేశాం. నేను జీపులోంచే చేశాను. తలుపు ఎత్తారు. పంది ఒక్కసారి మా అందరినీ చూసి, నేరుగా సాయవ్వ మక్కలోకి పరిగెత్తింది.

"ఇప్పుడు నష్టం చేస్తున్నది గద" అంది సాయవ్వ.

చేస్తోందని సచ్చిదానందం గారు ఒప్పుకున్నారు. కానీ ఉత్తర్వు రాలేదు.

ఉత్తర్వు నాలుగోరోజు వచ్చింది. హబీబ్ రైఫిల్ తీసుకుని తయారయ్యాడు. విశాలాక్షి గారు ఫోన్ చేసి, తూకం చెల్లుబాటు మూడు రోజులేనని గుర్తుచేశారు. రోజూ కంకులు తింటున్న జంతువు బరువు స్థిరంగా ఉంటుందని ఏ అధికారి సంతకం పెడతారు? ఆమె తర్కంలో తప్పు వెతకడానికి నేను చాలా ప్రయత్నించాను, దొరకలేదు. మళ్లీ పట్టి తూచాలి. మళ్లీ పట్టారు. డెబ్బైమూడు. మళ్లీ విడిచారు. ఉత్తర్వు మళ్లీ నాలుగోరోజే వచ్చింది. చెల్లుబాటును నాలుగు రోజులు చేయమని నేను అడిగితే, కాటా విషయంలో రాజీ లేదన్నారు. ఉత్తర్వును మూడు రోజుల్లో పంపమని అడిగితే, తపాలా విషయంలో తొందర పనికిరాదన్నారు.

ఐదోసారి వచ్చేసరికి పందికి పద్ధతి అర్థమైపోయింది. జీపుల చప్పుడు వినగానే చేనులోంచి బయటికొచ్చి, తనంతట తానే బోనెక్కి, కాటా మీద నిలబడి, కంకులు నములుతూ ఉండేది. సంఘంలో క్రమశిక్షణ పాటించింది అదొక్కటే. నేను కూడా జీపు దిగడం మొదలుపెట్టాను, పది అడుగుల దూరం వరకు.

ఆ తూకంలో ఎనభైఆరు కిలోలు వచ్చింది. చేను సగానికి తగ్గింది.

ఇక్కడ నా నాలుగో అంచె లేచి కూర్చుంది. తొంభై దాటితే ఐదువందల గ్రెయిన్ల గట్టి ముక్కు తూటా వాడాలి. ఆ తూటా మన దేశంలో తయారుకాదు. దాన్ని పేల్చే తుపాకీ ఈ జిల్లాలోనే లేదు, మా తాత అమ్మిన చివరిది ఏ దొరవారి గడీలో తుప్పు పట్టిందో తెలియదు. విదేశాల నుంచి తెప్పించాలంటే ఎంతకాలం పడుతుందని సచ్చిదానందం గారు విచారించారు. అన్నీ సవ్యంగా జరిగితే పద్దెనిమిది నెలలని తేలింది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. పంది తొంభై దాటకుండా చూస్తే సరిపోతుందన్నారు. డాక్టర్ ఇమ్మానుయేల్‌ను ఆహార నియంత్రణ ప్రణాళిక రాయమన్నారు. డాక్టర్ గారు తలొంచుకుని, పంది కంకులు తగ్గించి గడ్డి ఎక్కువ తినాలని, రోజుకు రెండు మైళ్లు నడవాలని రాశారు. దాన్ని ఎవరు అమలు చేస్తారని ఎవరూ అడగలేదు.

అమలు చేయాల్సిన మనిషిని విభాగమే కనిపెట్టింది. రెండు రోజుల తర్వాత సాయవ్వ మా దుకాణానికి వచ్చింది. బస్సు దిగి, ఎండలో నడిచి, మెట్ల మీద నిలబడి, ఒక కాగితం నా చేతికిచ్చి చదవమంది.

"మీ సాగులోనున్న మక్కజొన్నను సదరు వరాహము అపరిమితముగా ఆరగించుటవలన దాని బరువు నిర్ణీత శ్రేణిని దాటు ప్రమాదమున్నది. సదరు పంటను వరాహమునకు అందుబాటులో ఉంచుటకు గల కారణములను ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా సంజాయిషీ రూపమున తెలుపవలెను."

పైకి చదివాను. రెండోసారి చదవమంది. చదివాను. ఆమె దుకాణంలోకి చూసింది. దుప్పి తలను చూసింది.

"గా పట్టిక నువ్వే గీసినవట గద, హబీబ్ మియా జెప్పిండు" అంది. "ఎన్ని పందులను కొట్టినవు సారూ ఇప్పటిదాక?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ సూటిగా అడగలేదు. అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా. ఒక్కటి కూడా కొట్టలేదని చెప్పాను. దుప్పిని కూడా కొట్టలేదని, అది తాత ఎవరి దగ్గరో కొన్నదని, అడగకపోయినా చెప్పాను.

ఆమె తిట్టలేదు.

"నాకు ఎరికే" అంది. "జీపు దిగనప్పుడే ఎరికైంది."

ఆ మధ్యాహ్నమే సంఘం సమావేశం ఉంది. నేను మళ్లీ లేచి నిలబడ్డాను. ఈసారి కిటికీ వైపు చూడలేదు. నేను వేటగాణ్ని కానని, పట్టిక మా తాత కేటలాగు చూసి గొప్ప కోసం రాశానని, నాలుగో అంచె వట్టి ఆడంబరమని, ఎంత బరువైన పందికైనా హబీబ్ చెప్పిన ఎల్‌జీ దగ్గరి దూరంలో సరిపోతుందని, పట్టికను రద్దు చేయమని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పరువు పోతుందనుకున్నాను. పోనీలే అనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. సచ్చిదానందం గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పట్టికను రద్దు చేయాలంటే అది తప్పని నిపుణులు ధ్రువీకరించాలి. మీరు నిపుణులు కాదని మీరే సెలవిచ్చారు. కనుక పట్టిక తప్పని చెప్పే అర్హత మీకు లేదు."

సరే, నిపుణుణ్నే అనుకోండి అన్నాను.

"అలాగైతే నిపుణులు తయారుచేసిన పట్టిక తప్పెలా అవుతుంది?"

నేను కూర్చున్నాను. నా వినయాన్ని సంఘం ప్రశంసించినట్టు నమోదు చేసుకున్నారు. నిపుణుడి హోదా పోగొట్టుకుందామని వచ్చినవాణ్ని, అది ఇంకాస్త గట్టిగా అంటుకుని బయటపడ్డాను.

మర్నాడు తూకం రోజు. పంది అప్పటికే బోనులో నిలబడి ఎదురుచూస్తోంది. ఎనభైతొమ్మిది కిలోల ఆరువందల గ్రాములు. తలుపు దించారు. విశాలాక్షి గారు సంతకం చేశారు. డాక్టర్ ఇమ్మానుయేల్ చేశారు. బల్ల మీది పత్రం నావైపు జరిగింది. నేను జేబులో పెన్ను వెతుక్కుంటుంటే సాయవ్వ వచ్చి పక్కన నిలబడింది. చేనులో ఎకరంన్నర కూడా నిలబడి లేదు. కంకులు గట్టిపడుతున్నాయి. ఇంకో పది పన్నెండు రోజులకు కోసుకోవచ్చు.

"మూడు సంతకాలు పడితేనే ఇడుస్తరా దీన్ని?" అని నెమ్మదిగా అడిగింది.

అవునన్నాను.

"మూడోది ఎవలది?"

నాదే అన్నాను.

ఆమె పందిని చూసింది, చేనును చూసింది, నా పెన్నును చూసింది. నాలాంటివాడికి కూడా అర్థమైంది. నేను పెన్ను మూత పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

సంతకం ఎందుకు చేయలేదని సచ్చిదానందం గారు అడిగారు. వరాహం బరువులో భోజనానికి ముందూ తరువాతా గల వ్యత్యాసాన్ని లోతుగా అధ్యయనం చేయాల్సి ఉందన్నాను. ఆయన మొహం వెలిగింది. ఎంతకాలం పడుతుందని అడిగారు. తొందరపడితే శాస్త్రానికి అన్యాయం జరుగుతుందన్నాను. విశాలాక్షి గారు గట్టిగా తలూపారు. చేయని సంతకానికి మూడు రోజుల గడువు కూడా మొదలుకాదట, ఆ నియమం ఆమే చెప్పారు. హబీబ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి నవ్వాడు.

పదమూడు రోజులు అధ్యయనం చేశాను. అంటే దుకాణంలో కూర్చున్నాను. పట్నం నుంచి రెండు లేఖలు వచ్చాయి. మొదటిదానికి 'విషయం పరిశీలనలో ఉన్నది' అని, రెండోదానికి 'విషయం తుది పరిశీలనలో ఉన్నది' అని రాశాను. నా జీవితంలో నేను రాసినవాటిలో పనికొచ్చినవి ఆ రెండు వాక్యాలే. బోనులోని పందికి దాణా పెట్టే బాధ్యత ప్రభుత్వ సంరక్షణ నియమాల ప్రకారం విభాగానిదే. రోజుకు రెండుపూటలా తవుడు వచ్చేది. అది వేరే గతి లేక తినేది.

పదమూడోరోజున సాయవ్వ ఎకరంన్నరకు కాస్త తక్కువ మక్క కోయించింది. చేను ఖాళీ అయింది. పంట లేని చోట పంటనష్టం ఉండదు, పంటనష్టం లేకపోతే అనుమతి చెల్లదు, అనుమతి చెల్లకపోతే తూటా అక్కర్లేదు. ఈ మూడు వాక్యాలు తేల్చడానికి సంఘం ఇంకో సమావేశం పెట్టుకుంది. పందిని లారీ ఎక్కించి, ఎనభై మైళ్ల అవతలి అడవిలో వదిలారు. ఒక్క తూటా కూడా ఖర్చుకాకుండా సమస్య పరిష్కారమైందని సచ్చిదానందం గారు నివేదిక రాశారు. దాన్ని చదివిన పై అధికారులు ఇలాంటి సంఘాన్నే ప్రతి జిల్లాలోనూ వేయాలని అనుకుంటున్నారట. పట్టిక మాత్రం మార్చరట. దాని పేరు కూడా ఖాయమైంది. అందులో నా ఇంటిపేరు ఉంది.

ఈ కబురు సాయవ్వకు చెప్పాలో వద్దో తెలియకుండానే మర్నాడు పొద్దున తుంకిపల్లి వెళ్లాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. మూడెకరాల్లో సగానికి పైగా నావల్ల పోయిందని, అది మాటలతో తిరిగిరాదని తెలుసని, అలాంటివేవో దారంతా కూడబలుక్కున్నాను. ఆమె కల్లంలో కంకుల కుప్ప ముందు కూర్చుని ఒలుస్తోంది. ఎడమచేత్తో కంకి పట్టుకుని, ఇనుప మొలతో పొరలు చీల్చి, ఒక్క లాగుతో బయటికి తీస్తోంది. నేను మొదటి వాక్యం మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా విననేలేదు. పక్కన ఉన్న ఇంకో మొల తీసి నా ముందు పెట్టింది.

కూర్చున్నాను. మొదటి కంకి ఒలవడానికి చాలాసేపు పట్టింది. పదో కంకికి బొటనవేలు పొక్కింది. ముప్పయ్యో కంకికి పొక్కు చితికింది. వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి లాక్కుని తిప్పి చూసింది. అరచేయి మీద ఒక్క కాయ కూడా లేదు.

"ఈ చేతులతోని దుప్పిని కొట్టినవని గిన్నొద్దులు ఊరందరు ఎట్ల నమ్మిండ్రు సారూ?" అంది.

చీర కొంగు చించి వేలికి కట్టింది. మళ్లీ మొల చేతికిచ్చింది.

సాయంత్రానికి నేను ఒలిచినవి రెండు బుట్టలు. ఆమె ఒకటొకటిగా తీసి చూసి, పొరలు సరిగా పోనివన్నీ మళ్లీ నావైపు పడేసింది. ఒక బుట్ట మిగిలింది. కుప్ప ఇంకా నా నడుమెత్తు ఉంది. నేను లేచి బట్టలు దులుపుకుంటుంటే, ఆమె తలెత్తకుండానే అంది:

"రేపు జర పొద్దుగాల్నే రా."

వెళ్లాను.